తీసిన తిత్తి ల్యాబుకు వెళ్లాల్సిందే: పర్లాకిమిడి నుంచి ఒక దవడ కేసు

ఆంధ్రా సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఉన్న నా దంతవైద్య క్లినిక్‌కి, కాశీనగర్ దగ్గరి పల్లె నుంచి గుణుపూర్ బండిలో వచ్చింది ఈ పేషెంటు. వయసు 27, ఇద్దరు పిల్లల తల్లి. వెంట అన్నయ్య, అత్తగారు ఉన్నారు. ఎడమవైపు కింది దవడ వెనక భాగంలో కాస్త వాపు. నొప్పి పెద్దగా లేదు. ఆవిడకి ఇబ్బందంతా నోటి రుచితోనే.

"పన్ను పీకించేసినాను బాబూ, అయినా ఆ గుంత పూడ్లేదు. తెల్లారి లేస్తే నోరంతా ఉప్పుప్పుగా ఉంటంది," అంది.

పీకించింది కింది ఎడమ రెండో దవడపన్ను. కదులుతోందని తీయించుకుందట. తీసి చాలాకాలమైనా చిగురు పూర్తిగా మూసుకోలేదు, గుండుసూది తల పట్టేంత రంధ్రం మిగిలిపోయింది. వెనకవైపు చిగురును వేలితో మెల్లగా నొక్కితే ఆ రంధ్రంలోంచి తెల్లటి రసి వచ్చింది. జ్ఞానదంతం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎప్పుడూ రాలేదని చెప్పింది. కింది పెదవి మీద, గడ్డం మీద దూది పోగు ఆనించి చూశాను, రెండు వైపులా స్పర్శ సమానంగా తెలుస్తోంది. ఎక్స్‌రేలో పెద్ద నీడ ఉన్న దవడలో పెదవి మొద్దుబారిందంటే కేన్సర్‌ని కూడా అనుమానించాలి కాబట్టి ఈ చిన్న పరీక్ష నేను ఎప్పుడూ వదలను. ముందున్న మొదటి దవడపన్నుకీ, దాని ముందు పళ్లకీ చల్లదనం పరీక్ష చేశాను. అన్నీ వెంటనే జిల్లుమన్నాయి. అంటే వాటి నరాలు బతికే ఉన్నాయి, ఈ రసి వాటి వేళ్ల నుంచి వచ్చింది కాదు.

వచ్చిన పనికి సంబంధం లేకపోయినా అత్తగారి నోరు కూడా చూశాను. మా ప్రాంతంలో, అటు శ్రీకాకుళం తీరంలో, ఆ వయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అంగిలి తెల్లబడుతుంది, కొందరికి అక్కడే కేన్సర్ మొదలవుతుంది. ఆవిడ మానేసి చాలా ఏళ్లయిందంది. అంగిలి బాగానే ఉంది. కోడలి వాపుకీ పొగాకుకీ సంబంధం లేదని అక్కడే చెప్పాను. గుడాకు (పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద) వాడడం వల్లే ఇలా అయిందని ఇంట్లో ఆమెను తప్పుపడుతున్నారని మాటల్లో తెలిసింది.

ఓపీజీ, అంటే రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే, శ్రీకాకుళంలో తీయించుకుని వచ్చారు. మొదటి దవడపన్ను వెనక నుంచి దవడ మూల దాటి, చెవి వైపు నిలువుగా వెళ్లే ఎముకలో పైదాకా ఒకటే నల్లటి నీడ. పొడవు సుమారు 5.5 సెం.మీ., వెడల్పు 2.5 సెం.మీ. అంచు చుట్టూ సన్నటి తెల్లని గీత, అక్కడక్కడ వంపులు తిరిగి ఉంది. రాని జ్ఞానదంతం తలకిందులుగా దవడ కింది అంచు దగ్గరికి నెట్టుకుపోయింది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్లే కాలువ కూడా కిందికి జరిగిపోయింది. దవడ మూల దగ్గర కింది అంచు ఎముక బాగా పలచబడింది.

రాని పన్ను, దాని చుట్టూ నల్లటి నీడ అనగానే ఎవరికైనా ముందు తట్టే పేరు డెంటిజెరస్ సిస్టు, అంటే రాని పంటి తల చుట్టూ ఏర్పడే నీటి తిత్తి. ఈ కేసులో ఆ పేరు దగ్గరే ఆగిపోయి ఉంటే, తిత్తిని గీకి తీసి, కుట్లేసి, పది రోజుల్లో కుట్లు విప్పి పంపించేసేవాళ్లం. అలా ఎందుకు ఆగకూడదో చెప్పాలంటే ఈ తిత్తులు ఎక్కడి నుంచి పుడతాయో కొంచెం వివరంగా చెప్పాలి.

బిడ్డ కడుపులో ఉండగానే నోటి లోపలి పొర ఒకచోట మందమై, ఎముక వైపు లోపలికి దిగి పన్నుకి పునాది వేస్తుంది. పన్ను తయారయ్యాక ఆ పొర పని అయిపోతుంది, కానీ దాని తునకలు అక్కడక్కడ మిగిలిపోతాయి. అవి మూడు చోట్ల ఉంటాయి. పంటి వేరు ఆకారాన్ని దిద్దిన పొర ముక్కలు వేరు చుట్టూ ఉండే సన్నటి కణజాలంలో చిక్కుకుంటాయి, వీటికి ఫ్రెంచ్ శాస్త్రవేత్త మలస్సే పేరు పెట్టారు. ఎనామిల్‌ని తయారు చేసిన పొర, పన్ను బయటికి వచ్చేదాకా దాని తల మీద అంటుకునే ఉంటుంది. మూడోది, మొదట్లో లోపలికి దిగిన అసలు పొర, అంటే డెంటల్ లామినా అవశేషాలు. ఇవి చిగురులోనూ ఎముకలోనూ నిద్రపోతూ ఉంటాయి.

మలస్సే తునకలు లేవాలంటే వాటికి మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్, కావాలి. పన్ను పుచ్చి, లోపలి నరం చచ్చి, వేరు కొస దగ్గర ఇన్ఫెక్షన్ చేరితే ఆ తునకలు పెరగడం మొదలెడతాయి. మధ్యలో కణాలు చచ్చి ద్రవమై, చుట్టుపక్కల నీరు లోపలికి లాగి, ఆ ఒత్తిడికి ఎముక కరుగుతూ పోతుంది. అది రాడిక్యులర్ సిస్టు. దవడ తిత్తుల్లో సగానికి పైగా ఇవే. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి ముందుపన్ను దెబ్బతిన్న కుర్రాడొకడు పెద్దయ్యాక పైపెదవి కింద గట్టి వాపుతో నా దగ్గరికి వచ్చాడు. పన్ను బూడిద రంగుకి మారింది, చల్లదనానికి పలకలేదు. అతనికి రూట్ కెనాల్ చేసి, వేరు కొస కోసి, తిత్తి తీయించాం. అలాంటి తిత్తిని తీసి, దానికి కారణమైన పన్నుని సరిచేస్తే సాధారణంగా మళ్లీ రాదు. పన్ను పీకేసి తిత్తిని లోపలే వదిలేస్తే మాత్రం పళ్లులేని చోట మిగిలిపోయి పెరుగుతుంది, దాన్ని రెసిడ్యువల్ సిస్టు అంటాం.

రాని పంటి తలకీ, దాని మీది ఎనామిల్ పొరకీ మధ్య నీరు చేరితే డెంటిజెరస్ సిస్టు. రెండో స్థానం దీనిదే. ఇది పంటి మెడ దగ్గర, అంటే ఎనామిల్ ఆగి వేరు మొదలయ్యే గీత దగ్గర, అంటుకుని ఉంటుంది. ఎక్స్‌రేలో పంటి తల చుట్టూ 3, 4 మి.మీ. నల్లటి ఖాళీ మామూలే. 5 మి.మీ. దాటితే తిత్తి అని అనుమానించాలి. పసిపిల్లల్లో పన్ను చిగురు దాటబోతూ నీలంగా ఉబ్బే ఎరప్షన్ సిస్టు ఇదే తిత్తి ఎముక బయట, చిగురులో వచ్చే రూపం. తల్లులు దాన్ని చూసి హడలిపోతారు కానీ చాలామందికి పన్ను దానంతట అదే పొడుచుకువస్తుంది, కత్తి పెట్టాల్సిన పని ఉండదు.

ఇక డెంటల్ లామినా అవశేషాల నుంచి వచ్చేదే ఒడాంటోజెనిక్ కెరటోసిస్టు. మేమంతా ఓకేసీ అంటాం. దీనికి పుచ్చుపళ్లతో పనిలేదు. ఎక్కువగా నీటి ఒత్తిడితో ఉబ్బే మిగతా తిత్తుల్లా కాకుండా, ఇందులో గోడే కణితిలా చురుగ్గా పెరుగుతుంది. ఎముకను బయటికి ఉబ్బించకుండా లోపలి మెత్తటి భాగం వెంబడి ముందుకీ వెనక్కీ పాకుతుంది. 60 నుంచి 80 శాతం దాకా కింది దవడలోనే వస్తాయి, అందులోనూ దవడ మూల దగ్గర ఎక్కువ. 25 నుంచి 40 శాతం కేసుల్లో రాని పన్ను ఒకటి పక్కనే ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఎక్స్‌రేలో అచ్చం డెంటిజెరస్ సిస్టులాగే కనిపిస్తుంది.

మా పేషెంటు ఓపీజీని వెలుగులో పెట్టి మళ్లీ చూసినప్పుడు రెండు విషయాలు పట్టించాయి. ఒకటి, నీడ అంచు జ్ఞానదంతం మెడ దగ్గర ఆగలేదు. ఒకవైపు మెడ దాటి వేరు సగందాకా వెళ్లి, అక్కడి నుంచి పైకి తిరిగింది. రెండు, 5 సెం.మీ. దాటిన నీడకి మొహం మీద కనిపిస్తున్నది ఆ కాస్త వాపే. డెంటిజెరస్ సిస్టు అంత పెరిగి ఉంటే బుగ్గ ఈపాటికి స్పష్టంగా ఉబ్బి, వేలు పెడితే ఎముక గుడ్డుపెంకులా కిరకిరమనాలి. అయితే ఇవి అనుమానాలే. ఒకే గది ఉన్న అమెలోబ్లాస్టోమా అనే కణితి కూడా ఇదే వయసులో, ఇదే చోట, ఇదే ముసుగులో వస్తుంది. ఎక్స్‌రే చూసి నిజంగా చెప్పగలిగింది ఎముకలో ఖాళీ ఉందని మాత్రమే.

అప్పుడే బయాప్సీ చేయలేదు. రసి కారుతున్న తిత్తి గోడలో మంట ఉంటే దాని అసలు పొర రూపం మారిపోతుంది. కెరటిన్ (చర్మం పైపొరలో, గోళ్లలో ఉండే గట్టి పదార్థం) పోయి మామూలు పొరలా కనిపిస్తుంది, పాథాలజిస్టు ఎంత అనుభవజ్ఞుడైనా పోల్చలేకపోవచ్చు. అందుకే ముందు యాంటిబయాటిక్ ఇచ్చి, రంధ్రాన్ని కడుగుతూ రసి తగ్గేదాకా ఆగాను. తర్వాత మత్తిచ్చి, ఎముక పలచగా ఉన్నచోట 18 గేజ్ సూది దింపాను. ఈ తిత్తిలోది సన్నసూదికి రాదు. పిస్టన్ వెనక్కి లాగితే మొదట ఏమీ కదల్లేదు. సూది కొస కొద్దిగా తిప్పి లాగితే సిరంజిలోకి తెల్లగా, చిక్కగా, కొంచెం కొంచెంగా వచ్చింది. రాడిక్యులర్ సిస్టులో అయితే గడ్డి రంగు నీరు వచ్చేది, వెలుగులో పెడితే కొలెస్టరాల్ స్ఫటికాలు మెరిసేవి. రక్తమే వస్తే అక్కడే ఆపి సూది తీసేయాలి, రక్తనాళాల గడ్డ కావచ్చు. ఏమీ రాకపోతే గట్టి కణితి కావచ్చు. కోతకు ముందు సూది పెట్టి చూడాల్సింది ఇందుకే.

అదే పూట చిన్న కోత పెట్టి రంధ్రం పక్క నుంచి ఒక ముక్క గోడ తీసి 10 శాతం ఫార్మలిన్‌లో వేశాం. ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ఫార్మలిన్ ఉండాలి. మా సరిహద్దు ఊళ్లలో ఈ పనిలో నిర్లక్ష్యం ఎక్కువ, అది చూసి నాకు చాలా బాధ. తీసిన తిత్తిని గాజుగుడ్డలో చుట్టి పేషెంటుకి చూపించి చెత్తబుట్టలో వేసేస్తారు. లేదంటే చేతికి దొరికిన స్పిరిట్‌లోనో సెలైన్‌లోనో వేసి పంపుతారు, అది విశాఖ చేరేలోపే పాడవుతుంది. ల్యాబు ఫీజు పేషెంటుకి భారమని మొహమాటపడతారు. మళ్లీ వచ్చి దవడ ముక్క కోయాల్సి వస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఆ ఫీజు ఏపాటిది? ముక్కతో పాటు ఓపీజీ నకలు, సూదికి వచ్చినదేమిటో, పక్క పళ్లు బతికున్నాయా లేదా, ఇవన్నీ రాసి పంపాను. మైక్రోస్కోపు కింద చూసేవాళ్లకి ఈ నాలుగు మాటలు చాలా సాయం చేస్తాయి.

రిపోర్టు అనుమానించినట్టే వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది కణాల మందంతో సన్నటి పొర, పై అంచు అలలు అలలుగా ముడతలు పడి పారాకెరటిన్‌తో కప్పి ఉంది, అడుగు వరుస కణాలు ముదురు రంగులో కంచె కర్రల్లా వరసగా నిలబడ్డాయి. గోడలో ఒకచోట చిన్న పిల్లతిత్తి. ఆ పొర అడుగు కణజాలానికి గట్టిగా అంటుకోదు, తీసేటప్పుడు చిరిగి తునకలు లోపల మిగిలిపోతాయి. పైగా పిల్లతిత్తులు. ఈ తిత్తి మళ్లీ మళ్లీ రావడానికి కారణాలివే. ఒట్టిగా గీకి తీస్తే సుమారు నలుగురిలో ఒకరికి తిరిగొస్తుందని చాలా నివేదికల సారం. రిపోర్టులో పారాకెరటిన్ అని ఉందా, ఆర్థోకెరటిన్ అని ఉందా కూడా చూసుకోవాలి. ఆర్థోకెరటిన్ ఉన్నది వేరే తిత్తి, అది తిరిగి రావడం అరుదు.

రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం అన్నయ్య ఫోన్లో ఆ పేరు వెతికాడు. మర్నాడు పొద్దున్నే క్లినిక్ ముందు నిలబడ్డాడు, మొహంలో టెన్షన్. "బాబూ, ఇందులో ట్యూమర్ అని ఉంది. మా చెల్లికి దవడ తీసేస్తారా?" అని అడిగాడు.

అతను చదివింది అబద్ధం కాదు. 1956లో ఫిలిప్సెన్ ఈ తిత్తికి కెరటోసిస్టు పేరు పెట్టాడు. దాని మొండితనం, పీటీసీహెచ్ అనే జన్యువులో మార్పులు చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 వర్గీకరణలో దీన్ని ట్యూమర్ కింద చేర్చింది. 2017లో మళ్లీ తిత్తుల్లోకి తెచ్చింది. పాత పేరు నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది. ఇది కేన్సర్ కాదనీ, ఒంట్లో వేరే అవయవాలకి పాకదనీ, కానీ తేలిగ్గా తీసుకుంటే తిరిగొస్తుందనీ చెప్పాను. హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్న భర్తకి ఫోన్ కలిపి అదే మాట మళ్లీ చెప్పాను. ఆయన ఒప్పుకోకుండా ఆ ఇంట్లో ఏ నిర్ణయమూ జరగదు, కాబట్టి ఆ ఫోన్ కూడా వైద్యంలో భాగమే.

దవడ ముక్క కోసి తీసేస్తే తిత్తి దాదాపు తిరిగి రాదు. కానీ 27 ఏళ్ల మనిషికి మూల దవడ కోసి, ప్లేటు వేసి, పెదవి స్పర్శ పోగొట్టడం నాకూ, విశాఖలో నేను సంప్రదించిన ఓరల్ సర్జన్‌కీ సమ్మతం కాలేదు. అలాగని ఒక్కసారే తీద్దామంటే నరం తిత్తి గోడకి ఆనుకునే ఉంది, కింది అంచు పలచగా ఉంది, ఆపరేషన్‌లోనే దవడ విరగొచ్చు. అందుకే ముందు తిత్తిలోకి కిటికీ తెరిచి గొట్టం పెట్టి ఒత్తిడి తగ్గించడం, అది కుంచించుకున్నాక మిగిలింది తీయడం అనే దారి ఎంచుకున్నాం. తిత్తికి కిటికీ పెట్టే పద్ధతి 1892 నాటిది, జర్మన్ సర్జన్ పార్చ్‌ది.

ఎక్కడ చేయించాలన్నది ఇంకో ప్రశ్న. మా జనానికి విశాఖ దగ్గర, భాష ఒకటే, చుట్టాలుంటారు. కానీ ఒడిశా రేషన్ కార్డుతో ఆంధ్రా ఆరోగ్యశ్రీ వర్తించలేదు. ఒడిశాలోనే చేయించుకోవాలంటే బరంపురమో, కటకమో వెళ్లాలి. వాళ్లు విశాఖకే మొగ్గారు, మొదటి విడత చిన్నదే కాబట్టి ఖర్చు అన్నయ్య భరించాడు.

గొట్టం పెట్టాక బరువంతా ఇంటి మీదే పడుతుంది. రోజుకి రెండుసార్లు, మరగబెట్టి చల్లార్చిన అర లీటరు నీళ్లలో చిన్న చెంచాడు ఉప్పు కలిపి, సూది లేని 20 మి.లీ. సిరంజితో గొట్టంలోంచి కడగాలి. తిరిగొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా ఆపకూడదు. తనంతట తాను చేసుకోలేకపోయింది, అద్దంలో కనపడదు. తోడికోడలు నేర్చుకుంది. నా కుర్చీ పక్కన నిలబెట్టి ఆమె చేతే చేయించాను. మొదటిసారి చెయ్యి వణికి నీళ్లన్నీ మీద పడ్డాయి, మూడోసారికి కుదిరింది. దవడ పలచగా ఉంది కాబట్టి చెరుకు, మొక్కజొన్న పొత్తులు, జంతికలు వద్దన్నాను. చోడంబలి, మెత్తటి అన్నం, చారు చాలన్నాను. నెలలపాటు ఆ ఇద్దరూ ఒక్కపూట కూడా మానలేదు. ఈ కేసు బాగా నడిచిందంటే సగం ఘనత ఆ తోడికోడలిదే.

ఈలోగా గార్లిన్-గోల్ట్జ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు గుర్తుల కోసం వెతికాను. ఒకే మనిషికి రెండు మూడు ఓకేసీలు ఉన్నా, చిన్నవయసులోనే వచ్చినా ఇది తప్పక చూడాలి. అరచేతుల్లో చిన్న గుంటలు, చీలిన పక్కటెముకలు, మెదడు మధ్య పొరలో సున్నం చేరడం, చర్మం మీద బేసల్ సెల్ కేన్సర్లు దాని గుర్తులు. ఛాతీ ఎక్స్‌రే, పుర్రె ఎక్స్‌రే మామూలుగా ఉన్నాయి. అరచేతులు ఊడ్పుల పనికి బండబారి ఉన్నాయి, గుంటలైతే లేవు. తిత్తి ఒక్కటే. అయినా ఆ సిండ్రోమ్ తల్లి నుంచి పిల్లలకి సగం అవకాశంతో వెళ్లగల జబ్బు కాబట్టి ఇద్దరు పిల్లల్నీ తీసుకురమ్మని చూశాను. వాళ్లలో ఏ గుర్తూ కనిపించలేదు.

ఎనిమిదో నెల ఓపీజీలో నీడ సగానికి పైగా తగ్గింది. నరం కాలువకీ తిత్తికీ మధ్య తెల్లటి ఎముక పడింది, కింది అంచు మందం పెరిగింది. అప్పుడు పూర్తి మత్తులో రెండో ఆపరేషన్. మిగిలిన తిత్తిని జ్ఞానదంతంతో సహా తీశారు. కిటికీ చుట్టూ ఉన్న చిగురును కూడా కోసి తీశారు, లామినా తునకలు అందులోనూ దాగుంటాయి కాబట్టి. ఖాళీ చుట్టూ ఎముకని బర్రుతో (డ్రిల్లుకి బిగించే గుండ్రటి మొన) పలచగా గీకి, నరాన్ని కప్పి ఉంచి, క్లోరోఫాం లేని కార్నాయ్ ద్రావణం మూడు నిమిషాలు పట్టించి కడిగేశారు. ఆ ద్రావణం కంటికి కనపడని తునకల్ని చంపుతుంది. తీసిన తిత్తి మళ్లీ ల్యాబుకి వెళ్లింది. ఎక్కువ భాగం నోటి పొరలా మందంగా మారిపోయింది, కానీ పై మూలలో పాత కెరటిన్ పొర ఇంకా అలాగే ఉందని రిపోర్టు వచ్చింది. కుంచించుకున్నది కదా అని రెండో ఆపరేషన్ మానేసిన కేసుల్లో తిత్తి ఎందుకు తిరిగొస్తుందో ఆ ఒక్క వాక్యంలో ఉంది.

పెదవి కొన్ని వారాలు తిమ్మిరిగా ఉండి క్రమంగా తేరుకుంది. గాయం పూడింది. నోట్లో ఉప్పదనం పోయింది.

కుట్లు విప్పాక కూడా వైద్యం అయిపోలేదని ఆ కుటుంబానికి చాలాసార్లు చెప్పాను. తిరిగొచ్చేవి ఎక్కువగా మొదటి ఐదేళ్లలోనే వస్తాయి, పదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి. నొప్పి రాదు, వాపు కూడా చాలాకాలం రాదు. కాబట్టి బాగున్నా లేకపోయినా మొదటి ఏడాది ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్లదాకా ఏడాదికోసారి, ఆ పైన కూడా రెండు మూడేళ్లకోసారి ఓపీజీ తీయాల్సిందే. ఇప్పటికి తీసినవాటిలో ఎముక బాగా పడింది. ఈ సంవత్సరం భర్త ఆవిడనీ పిల్లల్నీ హైదరాబాదు తీసుకెళ్తున్నాడు. వలస వెళ్లే కుటుంబాల్లో ఇలాంటి కేసులు చేజారేది సరిగ్గా ఇక్కడే. అందుకని రెండు రిపోర్టుల నకళ్లు, ఓపీజీలన్నీ ఒక ఫైలులో పెట్టి, అక్కడ చూసే డాక్టరుకి ఒక ఉత్తరం రాసిచ్చాను. దవడ నిలువు ఎముక పై మూలలో, పాత కెరటిన్ పొర మిగిలి ఉన్న చోటే, ఎముక ఇంకా కొంచెం పలచగా ఉంది. ప్రతి ఓపీజీలో ముందు ఆ మూల చూడమనీ, అక్కడ మళ్లీ నలుపు కనిపిస్తే నొప్పీ వాపూ వచ్చేదాకా ఆగకుండా బయాప్సీ చేయమనీ అందులో రాశాను.